వేలెడు తిప్పితే చాలు

గురువారం పొద్దున క్లారీ పెటిఫర్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. మధ్యాహ్నం భోజనం లోపు రెండు హెడ్ ట్రాకర్లనూ పరీక్షించడం. భోంచేశాక డాక్టరు దగ్గరికెళ్ళి డ్రైవింగ్ లైసెన్సు కోసం ఏటా తప్పని పరీక్ష కానిచ్చుకోవడం. వస్తూ వస్తూ శనివారం షెడ్డులో కాల్చుకు తినడానికి సాసేజీలు కొనుక్కురావడం. డెబ్బై ఆరేళ్ళ మనిషికి ఇంతకంటే నిరపాయమైన రోజు ఉంటుందని ఎవరూ అనుకోరు.

షెడ్డు అంటే ఇన్వెరెల్ ఊరి బయట, రిటైరైన మగవాళ్ళంతా చేరి విరిగిన కుర్చీలు బాగుచేస్తూ, ప్రభుత్వాన్ని తిడుతూ, టీ తాగే రేకుల షెడ్డు. పోయినేడాది అక్కడ ఒక మూల, కంప్యూటరులో విమానం నడిపే ఆట కోసం ప్లైవుడ్డుతో కాక్‌పిట్ కట్టారు. పాత ట్రాక్టరు సీటు, చేతికి స్టిక్కు, ఎదురుగా పెద్ద తెర. పక్కలకు చూడటానికి అటొకటి ఇటొకటి పాత టీవీలు కూడా పెట్టారు. అవి మాత్రం ఎవరికీ ఉపయోగపడలేదు. వాటిని చూడాలంటే మెడ పూర్తిగా తిప్పాలి. షెడ్డు మొత్తం మీద పూర్తిగా తిరిగే మెడ ఒక్కటి కూడా లేదు. విమానాలన్నీ రన్‌వే పక్కనుంచి దర్జాగా దాటిపోయి కొండల్లో కూలుతున్నాయి.

అందుకని హెడ్ ట్రాకర్ కొనాలని తీర్మానించారు. తల వేలెడంత తిప్పితే చాలు, అది కనిపెట్టి పెద్ద తెరలోని దృశ్యాన్ని పూర్తిగా పక్కకు తిప్పేస్తుంది. ఏ రకం కొనాలన్న దగ్గర షెడ్డు రెండుగా చీలింది. ఒకటి కెమెరా రకం. తెర మీద కూర్చుని ముఖాన్నే చూస్తూ ఉంటుంది. రెండోది క్లిప్పు రకం. టోపీకి మూడు మెరిసే చుక్కలున్న క్లిప్పు తగిలించుకుంటే దాని కెమెరా ఆ చుక్కల్ని పట్టుకుని పోతుంది. ఒకప్పుడు పొలాలకు మందు చల్లే విమానాన్ని నిజంగానే నడిపిన ఆల్విన్ ట్రాస్క్, రెండూ దండగేనని తేల్చి పారేశాడు. చివరికి రెండింటినీ ఎవరి దగ్గరో అరువు తెచ్చి క్లారీ చేతిలో పెట్టారు. నలభై ఏళ్ళు పశువుల లారీ నడిపి ఒక్క గొర్రె కాలు కూడా విరగనివ్వనివాడు కదా, అతను ఏది మంచిదంటే అదే కొందామన్నారు.

క్లారీకి షెడ్డే లోకం. ఆ లోకానికి బస్సు లేదు. ఉన్నదల్లా తన పాత పికప్ బండి, దాన్ని నడపడానికి లైసెన్సు. ఆ సంగతి గుర్తుంచుకుంటే మిగతా కథంతా అర్థమవుతుంది.

ముందుగా కెమెరా రకం తీశాడు. ముందు గదిలో, వీధి వైపు కిటికీ పక్కన కంప్యూటరు ముందు కూర్చుని లార్డ్ హౌ దీవికి బయలుదేరాడు. ఆ దీవిలో రన్‌వే పొట్టిది. ఒక పక్క కొండలు, మిగతాదంతా సముద్రం. దాన్ని దొరకబుచ్చుకోవాలంటే పక్కకు చూస్తూనే ఉండాలి. కొత్త పద్ధతి క్లారీకి తొందరగానే పట్టుబడింది. తల వేలెడు కుడికి, చూపు మాత్రం తెర మీదే. తల వేలెడు ఎడమకు, చూపు మాత్రం తెర మీదే. బయటినుంచి చూసేవాళ్ళకు ఆ మనిషి ఎవరినో ఓరకంట అనుమానిస్తున్నట్టు ఉంటుంది. క్లారీకి ఆ ఆలోచనే రాలేదు.

రన్‌వే కనిపించింది. చక్రాలు దించాడు. సరిగ్గా అప్పుడు దృశ్యం గిర్రున తిరిగి ఆకాశంలోకి లేచి అక్కడే బిగుసుకుపోయింది. విమానం సముద్రంలో పడింది. క్లారీ నిర్ఘాంతపోయి వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడ మీద, చట్రంలోంచి అత్తగారు చూస్తోంది. బతికున్నప్పుడు చూసినట్టే చూస్తోంది. కెమెరా అతని ముఖాన్ని వదిలేసి ఆవిడ ముఖాన్ని పట్టుకుంది.

"నోరీన్, మీ అమ్మను అక్కణ్ణుంచి తీసెయ్."

వంటింట్లోంచి భార్య జవాబు వచ్చింది. "పోయి పదకొండేళ్ళయింది క్లారీ. ఇంకా ఎక్కడికి తీసెయ్యమంటావు?"

ఆ మాటకు బదులు చెప్పడం తన స్థాయి కాదనుకుని క్లారీ లేచి, వంటింటి తువాలు తెచ్చి ఫోటో మీద కప్పాడు. మళ్ళీ బయలుదేరాడు. మళ్ళీ రన్‌వే కనిపించింది. ఈసారి నోరీన్ టీ పట్టుకుని గదిలోకి వచ్చింది. కెమెరా ఆమె వెంట పడింది. విమానం రెండోసారి సముద్రంలో మునిగింది.

"నా వెనకాల నడవొద్దు. నడిచినా ముఖంతో నడవొద్దు," అన్నాడు క్లారీ.

"దాన్నెక్కడ పెట్టి రమ్మంటావు, ఫ్రిజ్‌లోనా?"

"వంగి రావొచ్చుగా. కెమెరాకు అందకుండా."

నోరీన్ తువాలు కప్పిన తల్లి ఫోటోను చూసింది. భర్తను చూసింది. యాభై ఏళ్ళ కాపురంలో ఆమెకు ఒక సంగతి బాగా తెలిసింది. ఈ మనిషి చెప్పింది అక్షరాలా చేసిపెట్టడం కంటే పెద్ద శిక్ష లేదు. మోకాళ్ళ మీద కూలబడి, కప్పును నేల మీద కొంచెం కొంచెంగా ముందుకు జరుపుతూ గది దాటింది. "టీ వచ్చింది దొరా," అంది కుర్చీ కాళ్ళ దగ్గర నుంచి. క్లారీ తల వేలెడు కుడికి తిప్పి, చూపు తెర మీదే నిలిపి, చెయ్యి మాత్రం కిందికి చాపాడు.

ఇదంతా రోడ్డు అవతలి ఇంట్లోంచి గ్లెనిస్ చూస్తోంది. ఆమె ఎదురింటి ఆవిడ. భర్త పోయిన దగ్గర్నుంచి ఆమెకు టీవీ రుచించడం లేదు. ఎదురుగా క్లారీ వాళ్ళ కిటికీ ఉండగా టీవీ అవసరం కూడా పడలేదు. నోరీన్ మోకాళ్ళ మీద పాకడం చూసింది. క్లారీ మెడ పట్టేసినట్టు కూర్చుని పక్క చూపులు చూడటం చూసింది. గోడ మీది ఫోటోకు గుడ్డ కప్పి ఉండటం చూసింది. మూడింటినీ కలిపి చూసేసరికి ఆ ఇంట్లో ఏదో జరగరానిది జరిగిందని తోచింది. అయినా తొందరపడి ఏదీ అనే మనిషి కాదు. ఇంకాస్త చూద్దామని కుర్చీ దగ్గరికి లాక్కుంది.

క్లారీ కెమెరాను పెట్టెలో పడేసి క్లిప్పు రకం తీశాడు. టోపీకి తగిలించుకున్నాడు. దృశ్యం పిచ్చెక్కినట్టు ఊగిపోయింది. ఎందుకో తెలియడానికి కాస్త సమయం పట్టింది. అతను తొడుక్కున్నది షెడ్డు వాళ్ళ పసుపు పచ్చ కోటు. దాని నిండా వెలుగు పడితే మెరిసే పట్టీలు. పరికరం ఆ మెరుపుల్లో తన చుక్కలేవో తేల్చుకోలేక తికమక పడుతోంది. కోటు తీసేశాడు. కింద ఉన్నది ఊళ్ళో అగ్నిమాపక వాలంటీరుగా పనిచేసినప్పటి జాకెట్టు. దానికీ పట్టీలే. దాన్నీ తీసేశాడు. దాని కిందిది నైట్‌షిఫ్టు లారీవాళ్ళకు ఎప్పుడో ఉచితంగా పంచిన చొక్కా. దాని భుజాల మీదా పట్టీలే. ఈ దేశంలో మెరవని గుడ్డ మగవాడికి దొరకదా అని క్లారీకి నిజంగా ఒళ్ళు మండింది. అదీ తీసి విసిరేసి, అక్కడ నడి చలికాలమైన జులైలో చేతుల్లేని బనీనుతో కూర్చున్నాడు. తర్వాత కళ్ళద్దాలు మెరుస్తున్నాయని తెలిసింది. అవీ తీసేశాడు. చివరికి కిటికీలోంచి పడే ఎండ కూడా చుక్కగా కనిపిస్తోందని తేలింది. పరదాలు లాగేశాడు.

బయట పచ్చిక మీద మంచు ఇంకా కరగలేదు. కాసింత ఎండ కోసం వీధిలో పిల్లులు కూడా కొట్లాడుకునే రోజులు. అలాంటి పొద్దున ఒక మనిషి ఒక్కొక్క బట్టే విప్పుకుని, చివరికి వచ్చే ఎండను కూడా మూసేసుకోవడం చూశాక గ్లెనిస్ ఆగలేకపోయింది. ఆమె మేనకోడలు క్లినిక్‌లో ఫోన్లు చూస్తుంది. గ్లెనిస్ ఆ అమ్మాయికి ఫోన్ చేసి, క్లారీకి పక్షవాతం వచ్చినట్టుందనీ, మెడ ఒక పక్కకు లాగేసిందనీ, పాపం నోరీన్ నేల మీద మాత్రలు వెతుక్కుంటోందనీ చెప్పింది. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. చూసినవాటికి కారణాలు మాత్రం సొంతంగా చేర్చింది.

క్లిప్పు రకంతో మూడోసారి దీవికి వెళ్ళి క్లారీ విమానం దించాడు. అదే ఉత్సాహంతో మధ్యాహ్నం డాక్టర్ వీరకూన్ ముందు కూర్చున్నాడు. ఆవిడ ఊరికి కొత్త. మృదువుగా మాట్లాడుతుంది. ఆ రోజు మరీ మృదువుగా మాట్లాడింది. నవ్వమంది, చేతులెత్తమంది. క్లారీ చిరాకుపడుతూనే అన్నీ చేశాడు.

"ఇప్పుడు తల కుడివైపు తిప్పండి."

క్లారీ వేలెడు తిప్పి, చూపు ఆవిడ మీదే నిలిపి, ఆగాడు.

"ఇంకా తిప్పండి."

"ఎందుకు? దీనికే మొత్తం పక్కంతా కనిపిస్తుందిగా," అన్నాడు. పొద్దుటి నుంచి పట్టుబడిన అలవాటు నోట్లోంచి కూడా బయటపడింది.

ఆవిడ కలం కింద పెట్టింది. "పొద్దుటి నుంచి ఏం చేశారో ఒకసారి చెప్తారా క్లారీ గారూ?"

"లార్డ్ హౌ దీవికి వెళ్ళాను."

"ఈ రోజేనా?"

"మూడుసార్లు. రెండుసార్లు సముద్రంలో పడ్డాను. మొదటిసారి మా అత్తగారి వల్ల."

"ఆవిడ మీతోనే ఉంటారా?"

"పోయి పదకొండేళ్ళయింది. అయినా వెనకనుంచి చూస్తూ ఉంటుంది. గుడ్డ కప్పాక కాస్త నయం."

డాక్టరు ముఖం చూశాక గానీ తానేం చెప్పాడో క్లారీకి అర్థం కాలేదు. అప్పుడు కంప్యూటరు, కెమెరా, షెడ్డు అన్నీ వివరించాడు. ఆవిడ ఓపికగా విని, చాలావరకు నమ్మింది కూడా. మంచిది, అయితే మీ ఎదురింటినుంచి ఫోన్ చేసి చెప్పినట్టు ఇది పక్షవాతం కాదన్నమాట, మెడ మామూలుగానే తిరుగుతుంది కదా, ఒకసారి తిప్పి చూపించండి చాలు అంది. కథ అక్కడితో ముగిసి ఉండాల్సింది. కానీ ఫోన్ చేసింది గ్లెనిస్ అని ఆ మాటల్లోనే క్లారీకి తెలిసిపోయింది. ఒళ్ళంతా కోపంతో భగ్గుమంది. ఈ మెడకా పక్షవాతం, చూసుకోండి అన్నట్టు, ఆ కోపమంతా కలిపి తలను ఒక్క విసురు విసిరాడు. మెడలో ఏదో కటుక్కుమంది. తల అక్కడే ఉండిపోయింది.

డాక్టరు సంతకం పెట్టలేదు. మర్నాడే పరీక్షాధికారి వస్తుంది, ఆవిడ పక్కన కూర్చుని రోడ్డు మీద నడిపి చూపించాలి, అందాకా స్టీరింగు ముట్టుకోకూడదు అంది. తప్పితే లైసెన్సు పోయినట్టే. నలభై ఏళ్ళు లారీ నడిపినవాణ్ణి, గోడ మీద ఫోటో వల్ల, ఎదురింటి ఆవిడ వల్ల, చిన్నపిల్లాడిలా పరీక్షకు కూర్చోబెడుతున్నారని క్లారీ క్లినిక్ గుమ్మం దాకా అంటూనే ఉన్నాడు. అదంతా పక్కగోడకు చెప్పాల్సి వచ్చింది. తల అటే ఉంది.

ఇంటికి నోరీన్ నడిపింది. ఆమె పికప్‌ను నడిస్తే పోయే వేగంతో నడుపుతుంది. మెయిన్‌రోడ్డు మీద వెళ్తుంటే ఊరంతా తీరిగ్గా చూసింది. తల ఒక పక్కకు తిరిగిపోయి, నోరు మూతపడకుండా, పక్క సీట్లో కూర్చున్న క్లారీని.

సాయంత్రానికి మోర్నేలు మొదలయ్యాయి. ట్యూనా చేపా, చీజూ, నూడుల్సూ కలిపి ఓవెన్లో పెట్టే ఆ వంటకాన్ని ఆ ఊళ్ళో ఊరికే ఎవరూ ఎవరికీ పంపరు. ఇంట్లో చావు జరగాలి, లేదా జరగబోతూ ఉండాలి. మొదటిది గ్లెనిస్ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, కళ్ళొత్తుకుని వెళ్ళింది. తర్వాత చర్చి వాళ్ళది వచ్చింది. ఆ వెనకే ఆల్విన్ వచ్చాడు. వాడి చేతిలో కూడా ఒకటి.

"ఒరేయ్ క్లారీ, షెడ్డులో అందరం అనుకున్నాం. ట్రాక్టరు సీటుకు నీ పేరు పెడదామని. చిన్న ఇత్తడి పలక," అన్నాడు.

"నేనింకా చావలేదురా."

"తొందరేం లేదులే," అన్నాడు ఆల్విన్, టోపీ తీసి చేతిలో పట్టుకుని.

నోరీన్ కాపడం కోసం వేడిచేసిన చిన్న గోధుమల సంచిని రాత్రంతా భర్త మెడ కింద సర్దింది. మధ్యలో ఒకసారి, ఇదంతా నా ముఖం వల్లే వచ్చిందంటావా అని అడిగింది. క్లారీ కాదన్నాడు. మీ అమ్మది అన్నాడు. సంచి కాస్త గట్టిగా నొక్కింది. పొద్దుటికి మెడ వదిలింది. అలవాటు మాత్రం వదల్లేదు.

పరీక్షాధికారి పేరు లిడ్‌గార్డ్. తక్కువ మాటలు, నున్నగా దువ్వి ముడేసిన జుట్టు. పికప్‌లో ఎడమవైపు సీట్లో కూర్చుని, ఇంటి ముందునుంచి వెనక్కి రోడ్డు మీదికి తియ్యమంది. తల తిప్పి చూడటమే ఈ పరీక్షలో అసలు సంగతి అని ముందే హెచ్చరించింది. క్లారీ రాత్రంతా అదే అనుకుంటూ పడుకున్నాడు. పూర్తిగా తిప్పాలి, భుజం మీంచి చూడాలి. రివర్స్ గేరు వేశాడు. తల వేలెడు ఎడమకు తిప్పాడు. చూపు ఎదురుగా అద్దం మీదే నిలిపాడు. ఆగాడు.

ప్రపంచం తిరగలేదు.

ఇంకో వేలెడు తిప్పి, ఇంకా ఆగాడు. గరాజు తలుపు అక్కడే ఉంది. ఎదురుగా గులాబీ మొక్కలు అక్కడే ఉన్నాయి. తానేం చేస్తున్నాడో క్లారీకి అప్పటికి అర్థమైంది. వరండాలో నోరీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లిడ్‌గార్డ్ ఏదో అనబోయింది.

వెనకాల ఒక ఇంజను గీపెట్టింది. గ్లెనిస్ తెల్లకారు ఎదురింటి వాకిట్లోంచి వెనక్కి బయలుదేరి, తిరగాల్సిన చోట తిరక్కుండా రోడ్డును నిలువునా దాటి, పికప్ వెనక వెంట్రుకవాసిలో దూసుకుపోయి, క్లారీ వాళ్ళ పోస్టుడబ్బాను వేళ్ళతో సహా పెకలించి ఆగింది. క్లారీ గనక మామూలు మనిషిలా చూసుకుని బండి తీసి ఉంటే సరిగ్గా ఆ చోటే ఉండేవాడు.

లిడ్‌గార్డ్ దిగి వెళ్ళి గ్లెనిస్‌కు దెబ్బ తగల్లేదని చూసుకుంది.

"వెనక చూసుకోలేదా మీరు?"

"చూస్తూనే ఉన్నానమ్మా," అంది గ్లెనిస్.

"ఎటు?"

"క్లారీ పక్కన కొత్తగా ఎవరో కూర్చున్నారు కదా, ఎవరా అని."

లిడ్‌గార్డ్ తిరిగొచ్చి సీట్లో కూర్చుంది. ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నాననీ, తొందర లేకుండా అంతసేపు ఆగి చూసుకున్న డ్రైవరును మాత్రం ఇప్పుడే చూశాననీ అంది. క్లారీ నోరు తెరిచాడు. నిజం చెప్పెయ్యాలనే తెరిచాడు. నలభై ఏళ్ళ అనుభవానికి కాక ఒక పిచ్చి అలవాటుకు మెచ్చుకుంటున్నారని అతనికి తల కొట్టేసినట్టయింది. వరండాలోంచి నోరీన్ తల అడ్డంగా ఊపింది. పూర్తిగా, రెండు వైపులా. క్లారీ నోరు మూసుకున్నాడు. మిగతా దారంతా ప్రతి మలుపులోనూ గుడ్లగూబలా తల తిప్పి బండి నడిపాడు. లైసెన్సు దక్కింది. డాక్టరు చూసి సరేననేదాకా గ్లెనిస్ మాత్రం కారు తియ్యకూడదని లిడ్‌గార్డ్ చెప్పి వెళ్ళింది.

శనివారం క్లారీ షెడ్డుకు తన బండి తానే నడుపుకుంటూ వెళ్ళాడు. పక్కన నోరీన్ ఉంది, నోరీన్ పక్కన గ్లెనిస్ ఉంది. కారు లేని మనిషి ఇంట్లో ఒక్కతే ఏం చేస్తుందని నోరీన్ అంటే, నా కిటికీలోకి చూస్తుంది అని క్లారీ అన్నాడు. అందుకేగా తీసుకెళ్తున్నాం అంది నోరీన్.

ముందు కెమెరా రకం బిగించారు. క్లారీ సీట్లో కూర్చోగానే సలహాలివ్వడానికి షెడ్డంతా అతని వెనక చేరింది. ఏ ముఖాన్ని నమ్మాలో తెలియక కెమెరా అందరినీ చుట్టి వచ్చి, ఆల్విన్ ముక్కు దగ్గర స్థిరపడింది. విమానం కొండకు గుద్దుకుంది. వెనక ఎవరూ నిలబడకండి అంటే, అయితే షెడ్డుకు రావడమెందుకని అందరూ నొచ్చుకున్నారు. తర్వాత క్లిప్పు రకం బిగించారు. క్లారీ మళ్ళీ బయలుదేరగానే కోటు మెరుపులకు దృశ్యం ఊగిపోయింది. క్లారీ పసుపు కోటు విప్పబోయాడు.

"కోటు తీస్తే షెడ్డులో ఉండకూడదు," అన్నాడు ఆల్విన్.

"ఎవడు పెట్టాడా రూలు?"

"నువ్వే. రంపం దగ్గర నా గోరు ఊడినప్పుడు. గోడ మీద నీ చేతిరాతే ఉంది చూడు."

ఉంది. అక్షరాలు కూడా పెద్దవే. పెట్టినవాడికీ విప్పే దారి లేని రూలు అది. చేతిలో రెండు పరికరాలు, ఎదురుగా రెండూ పనికిరాని షెడ్డు. ఏది కొనమంటావని అందరూ క్లారీ వైపే చూశారు. ఆ అవమానంలో అతను టోపీ క్లిప్పు పీకేశాడు గానీ స్టిక్కు వదిలెయ్యడం మర్చిపోయాడు. విమానం తన దారిన తాను లార్డ్ హౌ దీవి మీద పోతోంది.

టీ బల్ల దగ్గర గ్లెనిస్ కప్పు పట్టుకుని నిలబడి ఉంది. రెండు పాత టీవీలూ ఆమెకు అటూ ఇటూ వెలుగుతున్నాయి. ఆమె ఎడమకు పూర్తిగా తిరిగి ఒకటి చూసింది, కుడికి పూర్తిగా తిరిగి ఇంకోటి చూసింది. టీ చుక్క కూడా తొణకలేదు.

"రన్‌వే ఎడమ పక్కనుంది క్లారీ. దాటిపోతున్నావు," అంది. "కుడి పక్క కొండ మీదికి ఎవరిదో చిన్న విమానం వస్తోంది. తెల్లది. ఇందాకటి నుంచి అటే తిరుగుతున్నట్టుంది."

క్లారీ పళ్ళు కొరుక్కుంటూ స్టిక్కు ఎడమకు లాగాడు. ఇంకొంచెం అంది. లాగాడు. చాలు అంది. ఎదురుగా తెరలో రన్‌వే సరిగ్గా నడిమధ్యకొచ్చి నిలబడింది. షెడ్డు పుట్టాక మొదటిసారి ఒక విమానం చక్రాల మీద దిగింది.

అరువు తెచ్చిన రెండు పెట్టెలూ సోమవారం ఎవరివి వాళ్ళకు తిరిగి వెళ్ళిపోయాయి. టీవీల మధ్య కుర్చీ ఒకటి వేశారు. అప్పటి నుంచి గ్లెనిస్ కంట పడకుండా ఆ షెడ్డులో ఒక్క విమానమూ దిగలేదు.